సీసా మీద శాతం, సిస్టర్ మీద నేరం

'ఇంజెక్షన్ వికటించి బాలింత మృతి, స్టాఫ్ నర్సు సస్పెన్షన్.' ఇలాంటి శీర్షిక కింద రెండు పేరాల వార్త మనందరం ఎన్నోసార్లు చదివాం. మొదటి పేరాలో బంధువుల ఆందోళన. రెండో పేరాలో విచారణకు ఆదేశం, నర్సు నిర్లక్ష్యమే కారణమన్న ప్రాథమిక నిర్ధారణ. మూడో పేరా ఉండదు. ఆ మందు సీసా మీద ఏం రాసి ఉంది, డాక్టర్ కేస్ షీట్లో ఏం రాశారు, ఆ రెండింటికీ మధ్య ఉన్న లెక్కను ఆ రాత్రి ఎవరు, ఎన్ని పడకల మధ్య నిలబడి చేశారు అన్న ప్రశ్నలు పత్రికకు అక్కర్లేదు. చాలాసార్లు విచారణ కమిటీకీ అక్కర్లేదు. మనకు కావాలి.

హింస గురించి, ఆస్తిహక్కు గురించి రాసుకునే ఈ పేజీల్లో శాతాలూ నిష్పత్తులూ ఏమిటని కొందరికి అనిపించవచ్చు. నర్సింగ్ మన దేశంలో ప్రధానంగా స్త్రీల పని. ఆ పనిలో రోజూ చేయాల్సిన ఒక లెక్కను ఎవరో కష్టం చేసి పెట్టారు. అది తప్పితే శిక్ష మాత్రం స్త్రీకి పడుతోంది. కాబట్టి ఇది పాఠ్యపుస్తకంలోని లెక్క మాత్రమే కాదు, హక్కుల విషయం కూడా.

ఒక్క సిరంజి, అయిదు భాషలు

నర్సు చేతిలో ఉన్న సిరంజికి ఒక్క భాషే తెలుసు. అది మిల్లీలీటరు. మందు సీసాలు మాత్రం అయిదు భాషల్లో మాట్లాడతాయి. ఒకటి శాతం: 100 మి.లీ.లో ఎన్ని గ్రాములు అని. రెండోది నిష్పత్తి: ఆడ్రినలిన్‌ను ఇప్పటికీ 'వన్ ఇన్ థౌజండ్' అంటారు, అంటే 1000 మి.లీ.లో ఒక గ్రాము. మూడోది మి.లీ.కు ఎన్ని మిల్లీగ్రాములు అన్నది. నాలుగోది యూనిట్లు: ఇన్సులిన్, హెపారిన్, ఆక్సిటోసిన్‌లకు. అయిదోది మిల్లీ ఈక్వివలెంట్లు: పొటాషియం, సోడియం వంటి లవణాలకు. వీటిలో ఏదీ మంచం పక్కన నిలబడి మందు ఎక్కించే మనిషిని అడిగి పెట్టింది కాదు. శాతం మందులు కలిపేవారి అలవాటు, మిల్లీ ఈక్వివలెంటు రసాయన శాస్త్రజ్ఞుల కొలత, యూనిట్లు ప్రయోగశాలల కొలత. ఎవరి సౌకర్యం వాళ్లు చూసుకున్నారు. అనువాదం పని మాత్రం నర్సుకు వదిలేశారు.

పొటాషియం క్లోరైడ్ సంగతే చూడండి. మన ఆస్పత్రుల్లో మామూలుగా దొరికే 10 మి.లీ. ఆంప్యూల్ మీద 15 శాతం అని ఉంటుంది. డాక్టర్ '30 మిల్లీ ఈక్వివలెంట్లు సెలైన్‌లో కలపండి' అని రాస్తారు. ఇప్పుడు నర్సు ఏం చేయాలి? 15 శాతమంటే మి.లీ.కు 150 మిల్లీగ్రాములు. పొటాషియం క్లోరైడ్ అణుభారం దాదాపు 74.5. అంటే ఒక మిల్లీ ఈక్వివలెంటు 74.5 మిల్లీగ్రాములు. 150ని 74.5తో భాగిస్తే మి.లీ.కు సుమారు రెండు మిల్లీ ఈక్వివలెంట్లు. కాబట్టి 30కి 15 మి.లీ., ఆంప్యూలున్నర. కాగితం మీద చూస్తే చిన్న లెక్కే. రాత్రి రెండు గంటలకు, ఒక పక్క బాలింత బంధువులు పిలుస్తుంటే, మరో పక్క ఫోన్ మోగుతుంటే, '30' అన్న అంకెను 30 మి.లీ.గా అనుకుంటే చాలు, రోగికి చెప్పినదానికి రెట్టింపు పొటాషియం వెళుతుంది. నీళ్లలా కనిపించే ఈ ద్రవం పలచన చేయకుండా నేరుగా నరంలోకి ఎక్కితే గుండె ఆగిపోతుంది. పక్క అరలో ఉండే డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూల్ కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది.

స్త్రీల ప్రాణాలతో ఇంకా నేరుగా ముడిపడినది మెగ్నీషియం సల్ఫేట్. గర్భిణికి గుర్రపువాతం వచ్చి ఫిట్స్ మొదలైతే ప్రాణం నిలబెట్టే మందు ఇదే. డయాజిపాం, ఫెనిటోయిన్‌ల కంటే ఇది మెరుగని 1995లోనే పలు దేశాల్లో జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది. మందు ఖరీదైనది కాదు. ఆంప్యూల్ 2 మి.లీ., 50 శాతం, అంటే ఒక గ్రాము. మొదటి మోతాదుగా 4 గ్రాములు 20 శాతం ద్రావణంగా నరంలోకి నెమ్మదిగా ఇవ్వాలి, ఆ వెంటనే 50 శాతం ద్రావణం 10 గ్రాములు రెండు పిరుదుల్లో చెరి సగం ఇవ్వాలి అన్నది మన దగ్గర ఎక్కువగా వాడే పద్ధతి. ఆ 20 శాతం సీసాలో దొరకదు. నాలుగు ఆంప్యూళ్ల 8 మి.లీ.కి 12 మి.లీ. నీరు కలిపి 20 మి.లీ. చేసుకోవాలి. ఆ నీరు కలపడం మరిచి 50 శాతం ద్రావణమే 20 మి.లీ. లాగితే నరంలోకి వెళ్లేది 4 గ్రాములు కాదు, 10 గ్రాములు. మోకాలి కుదుపు పోతుంది, ఊపిరి మందగిస్తుంది. భయపడి తక్కువ ఇస్తే ఫిట్స్ ఆగవు. రెండు వైపులా తల్లి ప్రాణమే. నరంలోకి ఇచ్చే వీల్లేని ఉపకేంద్రంలో కండలోకి ఇచ్చే 10 గ్రాములు ఇచ్చి పెద్దాసుపత్రికి పంపమని ఏఎన్ఎంకు చెప్పారు. అక్కడ పక్కన లెక్క సరిచూసేవారు ఎవరున్నారు?

ఇన్సులిన్ అయితే ఇళ్లలోకే వచ్చింది. మన దేశంలో సీసాల్లో వచ్చేది ఎక్కువగా మి.లీ.కు 40 యూనిట్లది, పెన్నుల్లో వాడేది 100 యూనిట్లది. దేని సిరంజి దానికే ఉంది. ఎర్ర మూత సిరంజి 40కి, నారింజ మూతది 100కి. 100 యూనిట్ల ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజిలో '20' గీత దాకా లాగితే లోపలికి వెళ్లేది 50 యూనిట్లు. అత్తగారికో భర్తకో రోజూ ఇన్సులిన్ పొడిచే కోడళ్లకు, భార్యలకు ఈ సంగతి కూర్చోబెట్టి చెప్పింది ఎవరు? పసిబిడ్డకు జ్వరం మందు పోసే తల్లికైనా అంతే. పారాసిటమాల్ చుక్కల మందులో మి.లీ.కు 100 మిల్లీగ్రాములు, 125 సిరప్‌లో మి.లీ.కు 25. పేరు ఒకటే, గాఢత నాలుగు రెట్లు. బిడ్డ కళ్లు తేలేస్తే 'తల్లి చదువుకోలేదు' అంటారు.

'ఆడపిల్లలకు లెక్కలు రావు' అనే మాట

ఒక జిల్లా ఆస్పత్రిలో నర్సుల శిక్షణ తరగతిలో నేను వెనక బెంచీ మీద కూర్చున్నాను. పాఠం చెప్పడానికి వచ్చిన డాక్టరుగారు శాతాన్ని మిల్లీగ్రాముల్లోకి మార్చమని లెక్క ఇచ్చి, రెండు నిమిషాలు ఆగి, 'పదో తరగతి ఎలా పాసయ్యారమ్మా మీరంతా?' అని నవ్వారు. అందరూ తలలు వంచుకున్నారు. విరామంలో ఒక సీనియర్ సిస్టర్ తన సంచిలోంచి చిన్న నోటుపుస్తకం తీసి చూపించింది. 'శాతాన్ని పదితో గుణిస్తే మి.లీ.కు మిల్లీగ్రాములు' అన్నది మొదటి పేజీలో తెలుగులో రాసి ఉంది. అది ఆమె సీనియర్ ఆమెకు రాసిచ్చినది. పుస్తకాల్లో ఇంగ్లీషులో చదివి, తెలుగులో ఆలోచించి, మళ్లీ ఇంగ్లీషులో రికార్డు రాసే ఆడవాళ్లు ఒకరి నుంచి ఒకరు ఇలా నేర్చుకుంటున్నారు. డాక్టరుగారి పాఠంలో ఆ పుస్తకానికి చోటు లేదు.

లెక్క తప్పడం ఆడవాళ్ల మెదడుకు సంబంధించినదా? 2008లో ఇంగ్లండులో ఒక ప్రయోగం ఫలితాలు వచ్చాయి. పరీక్షకు కూర్చున్నది డాక్టర్లే. అత్యవసర పరిస్థితిని కల్పించి, కొందరికి నిష్పత్తి రాసిన ఆడ్రినలిన్ ఆంప్యూళ్లు, కొందరికి మి.లీ.కు మిల్లీగ్రాములు రాసినవి ఇచ్చారు. నిష్పత్తి లేబుల్ అందినవాళ్లు ఎక్కువ మందు ఇచ్చారు, ఎక్కువ సేపు తీసుకున్నారు. మనుషులు అదే చదువు చదివినవాళ్లు, మందూ అదే. మారింది లేబుల్ ఒక్కటే. అమెరికాలో 2016 మే నుంచి ఆడ్రినలిన్ వంటి మందుల లేబుళ్ల మీద నిష్పత్తి రాయడం మాన్పించారు. లెక్క రానివాళ్లను తిట్టి కాదు, లెక్క అవసరమే లేకుండా చేసి ప్రాణాలు కాపాడుకోవచ్చన్నమాట.

ఆ దేశంలోనే ఇంకో పాఠమూ ఉంది. 2006లో ఇండియానాపొలిస్‌లో నెలలు నిండని పసికందులకు మి.లీ.కు 10 యూనిట్ల హెపారిన్ బదులు 10,000 యూనిట్లది వెళ్లింది. ముగ్గురు చనిపోయారు. మరుసటి ఏడాది లాస్ ఏంజెలెస్‌లో సరిగ్గా అదే పొరపాటు జరిగింది. ఊరు వేరు, ఆస్పత్రి వేరు, చేతులు వేరు. దాదాపు ఒకేలా కనిపించే సీసాలు మాత్రం అవే. మన దగ్గరా హెపారిన్ మి.లీ.కు 1000 యూనిట్లది, 5000 యూనిట్లది రెండూ వస్తాయి. కొనుగోలు విభాగం ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి తెప్పిస్తే ఆ మార్పు వార్డుకు ఎవరు చెబుతారు?

'మరి యంత్రాలొచ్చాయి, కలిపి పెట్టిన సీసాలొస్తాయి, ఇక నర్సుకు లెక్కలెందుకు?' అనేవాళ్లున్నారు. ఈ వాదననూ మనం ఒప్పుకోకూడదు. కలిపిన సీసాలు రావాలి, తప్పకుండా రావాలి. కానీ లెక్క తెలిసిన నర్సే డాక్టర్ రాసిన తప్పు మోతాదును ఆపగలదు. ఆ జ్ఞానాన్ని ఆమె నుంచి లాగేస్తే మిగిలేది చెప్పింది చేసే చేతులే. నైటింగేల్ చేతిలో దీపాన్నే మనకు చూపించారు. లండన్ స్టాటిస్టికల్ సొసైటీకి ఎన్నికైన తొలి మహిళ ఆమేనని, సైన్యంలో చావుల లెక్కలు తీసి అధికారులను నిలదీసిందని నర్సింగ్ దినోత్సవ సభల్లో ఎంతమంది చెబుతారు? సేవ చేసే స్త్రీ కావాలి, లెక్క అడిగే స్త్రీ వద్దు.

డాక్టరుకు రెండేళ్లు, నర్సుకు అయిదేళ్లు

ఇప్పుడు అసలు అన్యాయానికి వద్దాం. పాత శిక్షాస్మృతి 304-ఎ సెక్షన్ కింద నిర్లక్ష్యం వల్ల మరణం కలిగితే ఎవరికైనా గరిష్ఠ శిక్ష రెండేళ్లు. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106(1) దాన్ని అయిదేళ్లకు పెంచింది. వైద్యం చేస్తుండగా రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ వల్ల జరిగితే మాత్రం రెండేళ్లే. డాక్టర్ల సంఘం కోరిందని హోంమంత్రి 2023 డిసెంబరులో లోక్‌సభలోనే చెప్పారు. ఆ మినహాయింపు ఎవరికో సెక్షన్ వివరణలోనే ఉంది: జాతీయ వైద్య కమిషన్ చట్టం కింద గుర్తించిన డిగ్రీ ఉండి, మెడికల్ రిజిస్టర్లో పేరున్నవారికి. నర్సుకు నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉంది. అది ఇక్కడ లెక్కలోకి రాదు.

దీని అర్థం ఏమిటి? ఒకే వార్డు, ఒకే రోగి, ఒకే మందు. మోతాదు రాయడంలో తప్పు చేసిన డాక్టరుకు రెండేళ్లు మించని శిక్ష. ఆ మోతాదును మి.లీ.ల్లోకి మార్చడంలో తప్పు చేసిన నర్సుకు అయిదేళ్ల దాకా పడే అవకాశం. డాక్టర్లకు రక్షణ ఇవ్వవద్దని నేను అనడం లేదు. భయంతో వైద్యం జరగదు. ఆ భయం నర్సుకు మాత్రం ఉండదా? చట్టం రాసేటప్పుడు ఆమె తరఫున ఎవరు మాట్లాడారు? ఆస్పత్రిలో ఉన్న కులం, జెండర్, జీతాల మెట్లే చట్టంలోకీ ఎక్కాయి. సుప్రీంకోర్టు చెప్పగా వేసిన కమిటీ 2016లో చిన్న ప్రైవేటు ఆస్పత్రుల్లో సైతం నర్సుకు నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదంది. దానికోసం రోడ్డెక్కాల్సి వస్తున్న నర్సులు లాయరు ఫీజు ఎక్కడి నుంచి తెస్తారు?

అడగాల్సినవి

ప్రతి ఆంప్యూల్ మీద మి.లీ.కు ఎన్ని మిల్లీగ్రాములో, మొత్తం ఎంతో పెద్ద అక్షరాల్లో ఉండాలి. పొటాషియానికి మిల్లీ ఈక్వివలెంట్లు కూడా రాయాలి. డాక్టర్ మోతాదుతో పాటు ఎన్ని మి.లీ. అన్నదీ రాయాలి. రాయకపోతే కేస్ షీట్ వెనక్కి పంపే హక్కు నర్సుకు ఉండాలి, దానికి మెమో ఇవ్వకూడదు. గాఢమైన పొటాషియం సాధారణ వార్డు అరల్లో ఉండకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లోనే చెప్పింది, దాన్ని పాటించాలి. పొటాషియం, మెగ్నీషియం, హెపారిన్, ఇన్సులిన్ ఇచ్చే ముందు ఇద్దరు విడివిడిగా లెక్క చూడాలి. అంటే రాత్రి డ్యూటీలో ఇద్దరు ఉండాలి. తెలుగులో రాసిన పలచన పట్టిక ప్రతి ప్రసూతి వార్డు గోడ మీద, ప్రతి ఉపకేంద్రంలో ఉండాలి. పొరపాటు చెప్పుకున్నవాళ్లను శిక్షించకుండా కారణం వెతికే పద్ధతి రావాలి. 106(1) మినహాయింపు నర్సులకు, ఏఎన్ఎంలకు కూడా వర్తించేలా సవరించాలి.

మన సంఘాలకూ ఒక పని ఉంది. ఆస్పత్రిలో తల్లి చనిపోయిందని తెలిసి నిజనిర్ధారణకు వెళ్లినప్పుడు మనం కూడా ముందు సిస్టర్నే నిలదీస్తాం. ఎదురుగా దొరికేది ఆమే కాబట్టి. ఇకముందు మూడు కాగితాలు అడుగుదాం: కేస్ షీట్, ఆ రాత్రి డ్యూటీ పట్టిక, మందు కొన్న బిల్లు. ఖాళీ ఆంప్యూల్ దొరికితే దాని మీద రాసింది చదువుదాం. చనిపోయిన స్త్రీకి న్యాయం అడగడం, మెమో అందుకున్న స్త్రీకి అండగా నిలవడం రెండూ మన పనులే. ఆ మూడో పేరా మనమే రాయాలి.