పక్కన నిలబడిన స్నేహితుడు



యెరూషలేములో శిష్యులందరూ సౌలును చూసి భయపడిన దినాలలో, అతనిని అపొస్తలుల యొద్దకు తోడుకొని వెళ్ళినవాడు బర్నబా. అంతియొకయలో పరిచర్య పెరిగినప్పుడు తార్సు వరకు వెళ్ళి సౌలును వెదకి తెచ్చినవాడూ ఆయనే. అపొస్తలుల కార్యములు 9, 11 అధ్యాయాలలో ఈ సంగతులు చూడగలం. అలాంటి స్నేహితుడు ఒక మనిషి జీవితంలో ఎంత పని చేయగలడో తెలుసుకోవడానికి, ఈ నెల ఫ్రాన్సు దేశపు ఇద్దరు చిత్రకారుల స్నేహాన్ని జ్ఞాపకం చేసుకుందాం.

పెద్దవాడు కమీల్ పిస్సారో. 1830లో పుట్టాడు. చిన్నవాడు పాల్ సెజాన్. 1839లో పుట్టాడు. 1861లో పారిస్ నగరంలో వీరికి పరిచయమైంది. సెజాన్ ముక్కోపి, అనుమానస్థుడు. అతని మాట మొరటు, బొమ్మలూ మొరటు. పేరుపొందిన పెద్ద ప్రదర్శనవారు అతని చిత్రాలను మాటిమాటికీ తిప్పి పంపేవారు. పిస్సారోకు కూడా కలిమి లేదు. 1870లో వచ్చిన యుద్ధంలో శత్రు సైనికులు అతని ఇంట్లో మకాం పెట్టి, ఎన్నో ఏళ్ళుగా వేసిన చిత్రాలను పాడుచేశారు. అయినా ఇతరులకు చేయి అందించడం అతడు మానలేదు.

1872లో సెజాన్ తన కుటుంబంతో పిస్సారో ఉంటున్న పొంత్వాజ్ ఊరికి వచ్చాడు. తరువాత నడిచి వెళ్ళగలిగినంత దూరంలోని ఓవేర్ గ్రామంలో కాపురముండి, 1874 వరకు అక్కడే గడిపాడు. ఇద్దరూ రంగులూ కాన్వాసులూ మోసుకొని పొలాల గట్లకు, తోటలకు, కొండవాలులకు వెళ్ళేవారు. ఆరుబయట బొమ్మ వేయడం తేలిక కాదు. ఎండ మారితే చెట్టు రంగు మారుతుంది, గాలి వీస్తే కాన్వాసు నిలవదు. నలుపు తగ్గించి వెలుగైన రంగులు వాడమని, ఎదుట కనబడేదాన్ని ఓపికగా చూడమని పిస్సారో నేర్పాడు. సెజాన్ అతని చిత్రం ఒకటి తెచ్చుకొని, చూసి వేసి నేర్చుకున్నాడు. కోపిష్ఠి చేతికి నెమ్మది అలవాటైంది.

1877లో ఇద్దరూ పొంత్వాజ్‌లోని ఒకే తోటను, వెనుకనున్న ఇళ్ళతో సహా చిత్రించారు. తోట ఒక్కటే గాని చిత్రాలు రెండూ ఒకేలా లేవు. పిస్సారో తన స్నేహితుని పక్కన నిలబడ్డాడే గాని, అతన్ని తనలా మార్చాలని పట్టుబట్టలేదు. మన పిల్లల విషయంలో, యౌవనస్థుల విషయంలో ఈ సంగతి మనం ఆలోచించదగ్గది.

1874లో కొందరు చిత్రకారులు కలిసి పారిస్‌లో స్వంతంగా ప్రదర్శన పెట్టారు. సెజాన్‌ను చేర్చుకుంటే నవ్వులపాలవుతామని కొందరు జంకారు. పిస్సారో పట్టుబట్టి అతన్ని చేర్పించాడు. జనం నిజంగానే నవ్వారు. ఆ నవ్వులో తన పాలు తాను భరించాడు. 1895లో సెజాన్ చిత్రాలతో మాత్రమే ప్రదర్శన జరిగినప్పుడు, అరవై అయిదేళ్ళ పిస్సారో అసూయపడక ఎంతో మెచ్చుకున్నాడు. "బర్నబా, సౌలు" అని ఉన్న వరుస తరువాత "పౌలు, బర్నబా" అని మారడం మనం గ్రంథంలో చూస్తాం. స్నేహితుని పేరు తనకంటే ముందుకు వెళ్ళినప్పుడు సంతోషించడం పెద్ద మనసున్న వారికే సాధ్యం.

పిస్సారో యూదుల కుటుంబంలో పుట్టినా ఏ మతాన్నీ ఆచరించినవాడు కాదు. ప్రభువును ఎరిగిన మనం స్నేహంలో అతనికంటే వెనుకబడవచ్చునా?

పిస్సారో 1903లో చనిపోయాడు. మూడేళ్ళ తరువాత, 1906లో, సెజాన్ స్వంత ఊరైన ఎక్స్ పట్టణంలో ప్రదర్శన జరిగింది. అప్పటికి సెజాన్ గొప్పవాడయ్యాడు, యువ చిత్రకారులు అతన్ని వెదుక్కుంటూ వస్తున్నారు. అయినా ఆ ప్రదర్శన పట్టికలో తన పేరు పక్కన "పిస్సారో శిష్యుడు" అని వేయించుకున్నాడు. పొగడ్త వినడానికి స్నేహితుడు లేడు, తిరిగి పొందే లాభమూ లేదు. అది కేవలం కృతజ్ఞత. ఆ సంవత్సరమే అక్టోబరులో ఆరుబయట బొమ్మ వేస్తూ వానలో చిక్కి జబ్బుపడి, కొద్ది రోజులకే సెజాన్ కన్నుమూశాడు.

ప్రియులారా, మన సంఘంలో మాట మొరటుగా ఉన్నందున ఎవరూ దగ్గరకు తీయని యౌవనస్థుడు ఉన్నాడా? ఈ ఆదివారం అతని పక్కన కూర్చోండి. మీరు పడిపోకుండా ఒకప్పుడు పక్కన నిలబడినవారు ఉన్నారా? వారు బ్రతికి ఉంటే వెళ్ళి చెప్పండి. లేకపోతే వారి పిల్లల ఎదుట వారి పేరు చెప్పండి.

బర్నబావంటి హృదయమును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమేన్.