గొలుసుకు రెండో కొస

పొలిమేర – వారం వారం

మొన్న పత్తికట్టె పీకేసిన చేను దున్నించడానికి రోటవేటర్ మాట్లాడాను. నడిపేది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ళ కుర్రాడు. దున్నకం అయిపోగానే బండి ఆపి, దిగి, జేబులోంచి ఫోను తీసి చేను చుట్టూ నడవడం మొదలుపెట్టాడు. కూలి ఎకరాల లెక్కన కాబట్టి ఎకరాలు తేలాలి. ఇదివరకు రైతు ఎంత చెబితే అంత. కాదంటే ఇద్దరూ కాసేపు వాదులాడుకుని ఒక అంకె దగ్గర ఆగేవాళ్ళు. ఇప్పుడు ఫోను చెబుతుంది. నాలుగు మూలలూ చుట్టి వచ్చి, "2 ఎకరాల 12 గుంటలు సార్" అన్నాడు. నా పాసుపుస్తకంలో ఉన్నది 2 ఎకరాల 4 గుంటలు.

"ఎనిమిది గుంటలు ఎక్కడివిరా?"

"నాకేం తెలుసు సార్, పైనుంచి కొలిచింది" అని వేలు ఆకాశం వైపు చూపించాడు.

పక్క చేలో మిరపకాయలు ఏరిస్తున్న బాబాయ్ ఇదంతా వింటూనే ఉన్నాడు. "పెరిగిందా? మంచిదే. నా గట్టు వైపు నుంచి మాత్రం పెరగలేదు కదరా?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. ఆ సాయంత్రం గట్టు వెంట నడుచుకుంటూ వెళ్ళి హద్దురాయి ఉన్నచోటే ఉందో లేదో చూసుకున్నాడని తర్వాత తెలిసింది.

నిజానికి ఇందులో కుర్రాడి మోసం లేదు, ఫోను తప్పూ లేదు. నేలకు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహాలు తమ గడియారంలో ఎంత టైమయిందో, తామెక్కడున్నాయో చెబుతూ పోతాయి, అంతే. కనీసం నాలుగు ఉపగ్రహాల మాట చెవిన పడితే, ఏ మాట ఎంత ఆలస్యంగా చేరిందో చూసుకుని ఫోను తానెక్కడుందో లెక్కగట్టుకుంటుంది. ఆ గడియారంలో సెకనులో పది లక్షల వంతు తేడా వచ్చినా 300 మీటర్లు తప్పిపోతుంది. అంత సన్నని లెక్కను చొక్కా జేబులో తిరిగే వస్తువు చేస్తోందంటే దండం పెట్టాల్సిందే. కాకపోతే ఆకాశం నిండుగా కనిపించే చోట కూడా మామూలు ఫోను అయిదు మీటర్లు అటూ ఇటూగా చెబుతుంది. చెట్ల కింద ఇంకా దారి తప్పుతుంది.

అయిదు మీటర్లంటే 16 అడుగుల పైమాట. గుంట అంటే 33 అడుగుల చదరం. అంటే ఫోనుకు మామూలుగా వచ్చే తేడాయే గుంట వెడల్పులో సగం. నా చేను సుమారు 92 మీటర్ల చదరం అనుకోండి. నాలుగు వైపులా గీత రెండు మీటర్ల చిల్లర బయటికి జరిగితే చాలు, సరిగ్గా ఎనిమిది గుంటలు పుట్టుకొస్తాయి. కుర్రాడు గట్టు అవతలి అంచున నడిచినా ఇంచుమించు అంతే. (కూలి పన్నెండు గుంటల లెక్కకే కట్టాను. ఆకాశంతో బేరమాడటం చేతకాలేదు.)

దారి వెతుక్కునే వాడికి ఈ తేడా లెక్కలోది కాదు. అక్కడ చిక్కులు వేరే. మా ఊరు మండలాఫీసులో బోనకల్, జనం నోట్లో బోనకల్లు, రైల్వే వాళ్ళకు బోనకాలు. లక్ష్మీపురం అని కొడితే ఫోను ఏ లక్ష్మీపురానికి తీసుకుపోతుందో ఆ లక్ష్మీదేవికే తెలియాలి. ఒకసారి నన్ను సాగర్ కాలవ కట్ట ఎక్కించి, తాపీగా ఎడమవైపు తిరగమంది. ఎడమవైపున ఉన్నది కాలవ. ఇవి ఇంటికొచ్చి చెప్పుకుని నవ్వుకునే తప్పులు. హద్దు దగ్గర తప్పు అలాంటిది కాదు. రెండు తరాలు మాటల్లేకుండా పోతాయి.

మా తాతల కాలంలో కొలతంటే గొలుసు. నిజాం సర్కారు సర్వేకు బొంబాయి పద్ధతి తెచ్చుకుంది. గొలుసు పొడవు 33 అడుగులు. రూపాయికి లాగే దానికీ 16 అణాలు. గొలుసు చదరం ఒక గుంట, 40 గుంటలు ఎకరం. చేను కొలతలు రాసే టిప్పన్‌లో అంకెలు గొలుసులు, అణాలుగానే ఎక్కేవి. పొలిమేర దాటి జగ్గయ్యపేట వైపు వెళితే మద్రాసు పద్ధతి. గుంటలు పోయి సెంట్లు వస్తాయి. ఇప్పటికీ అటువైపు సంబంధాలవాళ్ళు పిల్లకిచ్చే పొలం సెంట్లలో చెబితే, మావాళ్ళు రెండున్నరతో భాగించుకుంటూ కాఫీ చల్లారబెట్టుకుంటారు.

గొలుసుకు రెండు కొసలుంటాయి. ఒకటి సర్వే మనిషి దగ్గర. రెండోది ఊరి మనిషి చేతిలో: సుంకరో, నీరడో, ఒక్కోసారి పొలం గలాయనే. బిగించి పట్టేవాడు ఒకడు, వదులైందని అరిచేవాడు ఇంకొకడు, గట్టు మీద చేరి గొలుసులు లెక్కపెట్టేవాళ్ళు పదిమంది. అక్షరం ముక్క రానివాడికి కూడా ఎనిమిది గొలుసులు ఎనిమిదేనని తెలిసేది. అన్యాయాలు జరగలేదని కాదు, బోలెడు జరిగాయి. గొలుసు వదలడంలో చేయి తిరిగినవాళ్ళు ఉండేవాళ్ళు. అయితే ఆ అన్యాయం పదిమంది కళ్ళ ముందు జరిగేది. దెబ్బతిన్నవాడు కచేరీకి వెళ్ళి, ఫలానా మూల దగ్గర గొలుసు వదులుగా పట్టారని చెప్పుకోగలిగేవాడు.

ఈ చేతి యంత్రాలకు రెండో కొస లేదు. ఉన్నది ఒక్క తెర. అది పట్టుకున్నవాడి వైపే తిరిగి ఉంటుంది. నా గొడవంతా ఇదే.

ఈ గొడవ చేలతో ఆగదు, అడవి దాకా పోతుంది. కొలిచేవాళ్ళు మన అడవుల్లోకి రావడం కొత్త కాదు. శిఖరానికి పేరిచ్చిన జార్జ్ ఎవరెస్ట్ ఈ దేశాన్ని కొలిచే మహా సర్వేలో చేరాక, 1819లో ఆయనకు అప్పగించిన మొదటి పని కృష్ణా గోదావరుల నడుమ నిజాం ఇలాకాలోనే. వానల కాలంలో గోదావరి దగ్గరి అడవుల్లో దిగాడు. జ్వరం పట్టుకుంది. ఆయనతోపాటు వెంట వచ్చిన సుమారు 150 మందిలో చాలామంది పడకేశారు. దొరను హైదరాబాదు మోసుకెళ్ళారు. మరుసటి ఏడు ఒళ్ళు బాగుచేసుకోవడానికి ఓడెక్కి ఆఫ్రికా కొసన ఉన్న కేప్ ఆఫ్ గుడ్ హోప్‌కు వెళ్ళాడు. సామాన్లు మోసిన మనవాళ్ళు కొందరు మాత్రం తిరిగిరాలేదు. వాళ్ళ పేరు ఏ కొండకూ పెట్టలేదు.

అదే అడవి అంచుల్లో ఈమధ్య సర్వే వాళ్ళు ఫోను పట్టుకుని పోడు చేల చుట్టూ నడిచారు. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 13 డిసెంబర్ 2005 నాటికి ఆదివాసీల సాగులో ఉన్న భూమికి, నాలుగు హెక్టార్లు మించకుండా హక్కు ఇవ్వాలి. మన తెలంగాణలో 2021 చివర్లో దరఖాస్తులు తీసుకున్నారు, 2022లో సర్వే నడిచింది, 30 జూన్ 2023న ఆసిఫాబాద్‌లో పట్టాల పంపిణీ మొదలైంది. సర్కారు లెక్కలో సుమారు 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు. అందులో మా ఉమ్మడి ఖమ్మం అడవి ఊళ్ళది పెద్ద వాటా.

పోడు చేను మా చేలలాగా నాలుగు మూలలది కాదు. వాగు మలుపు, ఇప్పచెట్టు, చీమలపుట్ట, నల్లబండ, ఇవీ దాని హద్దులు. ఫోను ఈ వంకరలన్నీ నడిచినంత మేరా గీస్తుంది, ఆ మేరకు గొలుసు కంటే నయమే. కానీ చేను అంచునే అడవి. ఆకుల కింద ఉపగ్రహం మాట మసకబారుతుంది. గీత అయిదు మీటర్లు కాదు, ఇంకా ఎక్కువే ఊగుతుంది. ఆ ఊగిన గీతే పట్టా మీదికి ఎక్కితే, రేపు 'నీ సాగు గీత దాటింది' అన్నప్పుడు చేనుగల మనిషి దగ్గర చూపించుకోవడానికి ఏముంటుంది? అడవి ఊళ్ళల్లో టవర్ లేదు కనుక జీపీఎస్ రాదని కొందరు నమ్ముతారు, నమ్మిస్తారు కూడా. అది తప్పు. ఉపగ్రహం మాట వినడానికి టవర్ అక్కర్లేదు. పటం దించుకోవడానికే కావాలి. పాల్వంచలో ఉండగానే పటం దించి పెట్టుకుంటే, అడవి నడిమధ్యన కూడా ఫోను నువ్వెక్కడున్నావో చెబుతుంది.

సాగు ఉందో లేదో తేల్చడానికి చూసే ఉపగ్రహ చిత్రం విషయంలో చట్టం మనవాళ్ళు అనుకునే దానికంటే తెలివైంది. 2012లో సవరించిన నిబంధనల్లోనే ఉంది: అలాంటి సాంకేతిక సాయం దరఖాస్తుదారు చూపే ఆధారాలకు తోడుగా ఉండాలి, వాటిని తోసేసి అదొక్కటే ఆధారమై కూర్చోకూడదు. పెద్దవాళ్ళ మాట, వేసిన గట్లు, తవ్విన బావులు, సమాధులు, ఇవన్నీ సాక్ష్యాలే. గుజరాత్ నర్మదా జిల్లాలో ఆర్చ్ వాహిని అనే సంస్థ ఇంకో అడుగు ముందుకేసింది. ఆదివాసీ ఊళ్ళ కుర్రాళ్ళకే చేతిలో పట్టే జీపీఎస్ ఇచ్చి, నేర్పించి, వాళ్ళ చేలు వాళ్ళతోనే కొలిపించింది. ఆ గీతల్ని ఉపగ్రహ చిత్రం మీద పరిచి చూస్తే, సాగు లేదని కొట్టేసిన చేలల్లో సాగు కనిపించింది. వ్యవహారం కోర్టుకు వెళ్ళింది. ఉపగ్రహ చిత్రం ఒక్కదాన్నే పట్టుకుని తిరస్కరించడం కుదరదని 2013లో గుజరాత్ హైకోర్టు చెప్పింది. యంత్రం అదే, ఉపగ్రహాలూ అవే. పట్టుకున్న చెయ్యి మారిందంతే.

ఇక మా మైదానం వైపు రోవర్ వచ్చింది. పొడుగాటి కర్ర, దాని నెత్తిన పుట్టగొడుగు లాంటి యాంటెన్నా, కర్ర నడుముకు బిగించిన చేతి కంప్యూటరు. 21 డిసెంబర్ 2020న ఆంధ్రప్రదేశ్ తన భూముల రీసర్వేను మొదలుపెట్టింది మా పొలిమేర అవతల, జగ్గయ్యపేట మండలం తక్కెళ్ళపాడులోనే. కచ్చితంగా తెలిసిన ఒకచోట ఒక స్టేషన్ కదలకుండా ఉండి, ఉపగ్రహాల లెక్కలో ఈ క్షణాన ఎంత తప్పు వస్తోందో రోవర్‌కు చెబుతూ ఉంటుంది. రోవర్ ఆ తప్పును తీసేసుకుని సెంటీమీటర్లలో చెబుతుంది. మన తెలంగాణలో 2025 నాటికి 413 గ్రామాలకు అసలు నక్షాయే లేదు. ఆ ఏడు వాటిలో అయిదు ఊళ్ళను ప్రయోగానికి తీసుకుంటే, ఒకటి మా దగ్గర్లోని ఎర్రుపాలెం మండలం ములుగుమాడు. అదే ఏడు ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన భూభారతి చట్టంలో రిజిస్ట్రేషన్‌కు కొలత పటం జతచేసే ఏర్పాటూ ఉంది. మంచిదే. నక్షా లేని ఊరి బాధ నక్షా ఉన్నవాడికేం తెలుస్తుంది.

ఈ రోవర్ పని దగ్గర ఒక మాట వినిపిస్తుంటుంది. "ఫిక్స్ వచ్చిందా?" "లేదు సార్, ఫ్లోట్‌లోనే ఉంది." ఫిక్స్ అంటే లెక్క తేలింది, తేడా సెంటీమీటర్లలో ఉన్నట్టు. ఫ్లోట్ అంటే ఇంకా తేలలేదు, తేడా జానల్లోనో గజాల్లోనో ఉండొచ్చు. స్టేషన్ చెప్పే సవరణ సాధారణంగా మొబైల్ నెట్ మీదుగా వస్తుంది కాబట్టి, టవర్ సరిగా అందని చోట ఫ్లోట్‌లో నిలబడిపోవడం మామూలే. రోవర్ దగ్గర టవర్ మాట నిజంగానే నిజం. ఎండలో నిలబడి నిలబడి విసిగిపోయిన సర్వేయరు ఫ్లోట్‌లోనే ఒక మూల నమోదు చేసుకుని ముందుకు పోయాడనుకోండి, గట్టు మీది పదిమందిలో ఎవరికి తెలుస్తుంది? వదులుగా పట్టిన గొలుసు కళ్ళకు కనిపించేది. ఫ్లోట్ కనిపించదు.

ఈ భయం పల్లెటూరి వాళ్ళదే అనుకోకండి. దేశాలకూ ఉంది. 2000 మే 1 దాకా అమెరికా తన ఉపగ్రహాలు ప్రజలకు పంపే సంకేతంలో కావాలనే తప్పు కలిపేది. బయటివాడికి 100 మీటర్ల వరకూ తేడా వచ్చేది. ఆ మీట నొక్కేది వాళ్ళు, కొలుచుకునేది మనం. అందుకే కొస మన చేతిలోనూ ఒకటి ఉండాలని ఇస్రో నావిక్ అనే మన సొంత ఉపగ్రహాల వ్యవస్థను తలకెత్తుకుంది. 2013 జూలైలో శ్రీహరికోట నుంచి మొదటిది ఎగిరింది, 2016 ఏప్రిల్‌కు ఏడోది చేరింది. తర్వాత కష్టాలు తప్పలేదు. గడియారాలు మొరాయించాయి, 2025 జనవరిలో పంపిన ఎన్‌వీఎస్-02 అనుకున్న కక్ష్యకు చేరలేదు. అయినా పట్టు వదలట్లేదు, వదలకూడదు కూడా. వాషింగ్టన్ తెర తిప్పి చూపించలేదని ఢిల్లీకి వచ్చిన కోపం న్యాయమైనదే. మరి గట్టు మీద నిలబడిన మా బాబాయ్‌కి అదే కోపం వస్తే దాన్ని రైతుల అజ్ఞానం అనేస్తాం.

నేను అడిగేది పెద్ద విషయం కాదు. మూల దగ్గర కర్ర నిలబెట్టినప్పుడు తెర చేనుగలాయన వైపు, పక్క చేను ఆయన వైపు ఒకసారి తిప్పాలి. ఫిక్స్ వచ్చిందో లేదో ఆ పదాన్నే తెలుగు అక్షరాల్లో చూపించాలి. చేను దిగేలోగా ప్రతి మూల అక్షాంశ రేఖాంశాలు, తేడా ఎంత ఉండొచ్చో ఆ అంకెతో సహా, కాగితం మీద చేతికివ్వాలి. పోడు పట్టాకూ అంతే. దశాంశం తర్వాత అయిదో అంకె ఒకటి మారితే నేల మీద మీటరు జరిగినట్టని బడిపిల్లాడికి చెప్పినా అర్థమవుతుంది. వాడే ఇంటికొచ్చి వాళ్ళ నాన్నకు చెబుతాడు.

దీనికి నాకు తెలిసిన ఒక సర్వేయరు మిత్రుడి అభ్యంతరం ఉంది. అంకెలు అందరి చేతికీ ఇస్తే, ప్రతివాడూ అయిదు మీటర్లు ఊగే ఫోను పట్టుకుని రాయి దగ్గరికి పోయి, రోవర్ తప్పు చెప్పిందని తగాదా పెడతాడట. నిజమే, పెడతారు. నా ఎనిమిది గుంటలే అందుకు సాక్ష్యం. కానీ ఇప్పుడు తగాదాలు లేవా? తేడా ఎంతో కూడా రాసివ్వమన్నది అందుకే. ఫోను కొలతకూ రోవర్ కొలతకూ మధ్య తేడా నేర్పడం ఊరికి కష్టమనుకునేవాళ్ళు, గొలుసు వదులుగా పట్టిన సంగతి ఊరు ఎలా పసిగట్టేదో మర్చిపోయారు.

పోయిన వారం బాబాయ్ చేను కొలతకు వచ్చారు. రోవర్ నిలబెట్టగానే బాబాయ్ దగ్గరికి వెళ్ళి, "ఫిక్స్ వచ్చిందా సార్?" అన్నాడు. సర్వేయరు తలెత్తి చూసి, నవ్వి, చేతి కంప్యూటరు ఇటు తిప్పాడు. అంకెలు నేను చదువుతుంటే బాబాయ్ రాసుకున్నాడు. మర్నాడు మోటారు షెడ్డు గోడ మీద ఎర్ర పెయింటుతో ఎక్కించాడు. నాలుగు మూలలు, నాలుగు వరసలు, అన్నీ దశాంశాలతో సహా. వాటి కింద ఇంకో వరస ఉంది: హద్దురాయి నుంచి వేపచెట్టుకు పద్నాలుగు అడుగులు. ఎవరి అడుగులు బాబాయ్ అని అడిగితే, బ్రష్షు మళ్ళీ డబ్బాలో ముంచి, పక్కన 'నావి' అని చేర్చాడు.

– గట్టుమీది మనిషి