లెక్క పల్లెకు కూడా చెప్పాలి

మార్కాపురం పలకల మీద అక్షరాలు దిద్దుకున్న తరాలు తెలుగునాట ఇంకా ఉన్నాయి. ఆ పలకలు తయారైన చోట పిల్లలు కూడా కూలి చేశారు. అందుకే 1988లో కేంద్ర ప్రభుత్వం జాతీయ బాలకార్మిక ప్రాజెక్టు మొదలుపెట్టినప్పుడు ఎంచుకున్న చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటైంది. ఆ పథకంలో పని మాన్పించిన పిల్లలకు ప్రత్యేక బడులు నడపడంలో స్వచ్ఛంద సంస్థలకు పెద్ద వాటా ఉండేది. పశ్చిమ ప్రకాశంలో సంస్థలకు పని తక్కువేం లేదు. ఫ్లోరైడ్ నీళ్లు, కరువు, వలసలు, నల్లమల చెంచుల కష్టాలు, అన్నీ ఇక్కడే ఉన్నాయి. మంచి పని చేసిన సంస్థలూ ఉన్నాయి. హాస్టల్‌లో చదివి ఉద్యోగస్తులైనవాళ్లు మనలోనే ఉన్నారు. అయినా ఒక ప్రశ్న మిగిలే ఉంది. మన పేరు చెప్పి ఎంత డబ్బు వచ్చింది? ఎంత ఖర్చయింది? నడిపినవాళ్లు ఎంత జీతం తీసుకున్నారు?

ఈ ప్రశ్న అడిగితే కృతజ్ఞత లేదంటారు. మేం ఒప్పుకోం. దాత దగ్గరికి వెళ్లేది మన పిల్లల ఫొటో, మన వాడ పేరు, మన మీద జరిగిన దాడి కథ. డబ్బు మన బాధ మీద వస్తున్నప్పుడు లెక్క అడగడం మన హక్కు. భూమి లెక్క, కూలి లెక్క దొర దగ్గరే ఉండిపోయిన చరిత్ర మనది. సంస్థ లెక్క కూడా డైరెక్టరు బీరువాలోనే ఉంటే మన బతుకులో మారిందేమిటి?

బయటపెట్టిన లెక్క ఏం చేయగలదో గాస్పెల్ ఫర్ ఏషియా ఉదంతం చెబుతుంది. అమెరికాలోని టెక్సాస్ కేంద్రంగా పనిచేసిన ఆ సంస్థ, దళిత పిల్లల చదువు గురించి గట్టిగా ప్రచారం చేసి విరాళాలు సేకరించింది. కెనడాలో ఒక పాస్టరు, అక్కడి నుంచి భారత్‌కు పంపామని చెప్పిన మొత్తాలను మన హోంశాఖ వెబ్‌సైట్‌లోని ఎఫ్‌సీ-6 పత్రాలతో పోల్చి చూశారు. రెండూ కలవలేదు. 2015లో అమెరికాలోని క్రైస్తవ సంస్థల ఆర్థిక జవాబుదారీ మండలి ఆ సంస్థ సభ్యత్వాన్ని రద్దు చేసింది. దాతలు కోర్టుకెక్కారు. తప్పు ఒప్పుకోకుండానే 2019లో ఆ సంస్థ 3.7 కోట్ల డాలర్లకు రాజీ చేసుకుంది. గమనించాల్సింది ఒకటుంది. ఆ పత్రాలు అందరికీ కనబడేవి కాబట్టే ఎక్కడో ఉన్న దాత పోల్చి చూడగలిగాడు. కానీ ఎవరి పేరున డబ్బు వచ్చిందో వాళ్లు ఈ కథలో ఎక్కడా లేరు. కోర్టుకెళ్లిందీ దాతలే, రాజీ కుదిరిందీ దాతలతోనే.

ఆ కిటికీని కూడా ప్రభుత్వం మూసేసింది. విదేశీ విరాళాల వివరాలను మూడు నెలలకోసారి వెబ్‌సైట్‌లో పెట్టాలన్న నిబంధనను 2022 జులైలో తీసేశారు. అదే నెలలో సంస్థల వార్షిక రిటర్నులు హోంశాఖ వెబ్‌సైట్ నుంచి మాయమయ్యాయి. సంస్థలు మాత్రం ఢిల్లీకి లెక్కలు పంపుతూనే ఉండాలి. అంటే సర్కారుకు అన్నీ తెలుస్తాయి, జనానికి ఏమీ తెలియదు. దీన్ని పారదర్శకత అనలేం. ఇది నిఘా.

నాయకుల సంగతికొద్దాం. 2013 లోక్‌పాల్ చట్టం ప్రకారం, ప్రభుత్వం నుంచి కోటి రూపాయలకు మించి గానీ విదేశాల నుంచి 10 లక్షలకు మించి గానీ పొందే సంస్థల బాధ్యులు ప్రభుత్వ సేవకుల కిందికి వస్తారని 2016లో కేంద్రం నోటిఫై చేసింది. తమ ఆస్తులతో పాటు భార్య లేదా భర్త, పిల్లల ఆస్తులూ ప్రకటించాలంది. దేశమంతా సంస్థలు అభ్యంతరం చెప్పాయి. అదే ఏడాది జులైలో పార్లమెంటు ఆ సెక్షన్‌ను సవరించి పలచన చేసింది. జీతం లేని ట్రస్టీ ఇంట్లో బంగారం లెక్క అడగడం అతి అనే వాదనలో న్యాయం ఉంది. కానీ ఆ వాదన చాటున అసలు ప్రశ్న తప్పించుకుంది. డైరెక్టరు జీతమెంత? బోర్డులో ఆయన కుటుంబ సభ్యులెందరు? వాహనం, స్థలం ఎవరి పేరున ఉన్నాయి? ఇవి ఇంటి విషయాలు కావు, సంస్థ విషయాలు.

మన మిత్రుల భయం మాకు తెలుసు. లెక్కల సాకుతో దళితులకు, ఆదివాసులకు అండగా నిలిచిన సంస్థల గొంతు నొక్కుతున్నారన్నది నిజం. 2020 సవరణతో పెద్ద సంస్థ చిన్న సంస్థకు విదేశీ నిధిని బదిలీ చేయడాన్ని నిషేధించారు. పల్లెల్లో పనిచేసే చిన్న దళిత సంస్థలకు అదే పెద్ద దెబ్బ. ముందస్తు అనుమతి ఆంక్షల వల్ల కంపాషన్ ఇంటర్నేషనల్ 2017 మార్చిలో దేశం వదిలింది. లక్షా నలభై వేల మందికి పైగా పిల్లలకు ఆసరా పోయింది. వాళ్ల పక్షాన జనం ఎందుకు లేవలేదో ఆలోచించాలి. లెక్క తెలిసిన పల్లె సంస్థను తనదనుకుంటుంది. కష్టమొచ్చిన రోజు వెంట నిలుస్తుంది. లెక్క తెలియని పల్లె చూస్తూ ఊరుకుంటుంది.

దారి కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. ఉపాధి హామీ పనులపై సామాజిక తనిఖీని దేశంలో ముందుగా పెద్ద ఎత్తున చేసింది ఉమ్మడి ఆంధ్రప్రదేశే. మస్టరు చదివి వినిపించడం, ఫలానా రోజు నేను పనికే రాలేదని కూలీ లేచి చెప్పడం మన జనానికి తెలుసు. సర్కారును అలా నిలదీసిన మనం సొంత సంస్థలను ఎందుకు అడగకూడదు? ఏడాదికోసారి వాడలోనే సభ పెట్టాలి. వచ్చిన డబ్బు, ఖర్చు, జీతాలు, ఆస్తులు, బోర్డు సభ్యుల బంధుత్వాలు తెలుగులో చదవాలి. అవే గోడ మీద రాయాలి. మన సంఘాలు, చర్చి కమిటీలు, దాడి జరిగినప్పుడు చందాలు పోగుచేసే పోరాట కమిటీలు ఇందుకు మినహాయింపు కావు. ముందు మనమే మొదలుపెడితే మన ప్రశ్నకు బలం వస్తుంది.

విద్యార్థులకు ఒక మాట. ప్రభుత్వ నిధులు గణనీయంగా పొందే స్వచ్ఛంద సంస్థ సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని 2019 సెప్టెంబరులో డీఏవీ కాలేజీ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ నిధులు సగానికి మించి ఉండాల్సిన పనిలేదనీ స్పష్టం చేసింది. సొసైటీలు ఏటా కార్యవర్గ జాబితాను రిజిస్ట్రారుకు ఇవ్వాలి. ఈ కాగితాలు అడగండి, చదవండి, ఊళ్లో పెద్దవాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి. ఎవరి పరువో తీయడానికి కాదు. బాబాసాహెబ్ పేరు బోర్డు మీద రాసుకున్న ఏ సంస్థలోనైనా ఆ పేరుకు తగ్గ నిజాయితీ ఉందో లేదో మన పల్లె స్వయంగా తేల్చుకోవడానికి.