సి ఫర్ క్రెడిట్.. సి ఫర్ సైక్లోన్

గుడివాడ నుంచి మచిలీపట్నం వెళ్లే పాసింజర్‌లో పొద్దున్నే ఎక్కితే మీలాంటి వాళ్లు ఇద్దరు ముగ్గురైనా కనిపిస్తారు. చేతిలో జిరాక్స్ కాగితాలు, వాటి నిండా ‘సి’తో మొదలయ్యే ఇంగ్లిష్ మాటలు, పక్కనే తెలుగు అర్థాలు. పెదాలు కదులుతూనే ఉంటాయి. తీరా పరీక్ష హాల్లో సెన్సార్ అంటే కత్తిరింపో, సెన్షూర్ అంటే అభిశంసనో తేలదు. తప్పు మీ జ్ఞాపకశక్తిది కాదు, ఆ జాబితాది. ఒకే పోలిక ఉన్న మాటల్ని ఒకే గుక్కలో మింగితే ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఎస్సెస్సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు కోత. ‘దాదాపు తెలుసు’ అనుకున్న మాటే ఇక్కడ ముంచుతుంది.

అందుకే మాటను మొదటి అక్షరంతో కాకుండా వేరుతో పట్టుకోండి. క్రెడిట్‌నే తీసుకుందాం. ‘నమ్ము’ అనే అర్థమున్న లాటిన్ మాట దీనికి మూలం. 1923లో భోగరాజు పట్టాభి సీతారామయ్య మచిలీపట్నంలో ఆంధ్రా బ్యాంకు పెట్టారు. జనం డబ్బు తెచ్చి దాచినా, బ్యాంకు అప్పు ఇచ్చినా నమ్మకం మీదే కదా! (ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. బ్యాంకు ఇంటర్వ్యూకి వెళ్లే బందరు కుర్రాళ్లు ఇది తెలుసుకుని వెళ్లడం మంచిది.) ఈ ఒక్క వేరు దొరికితే చాలు. క్రెడిబుల్ అంటే నమ్మదగిన. క్రెడెన్షియల్స్ అంటే మిమ్మల్ని నమ్మడానికి చూపించే ఆధారాలు. క్రెడ్యులస్ అంటే ఎవరేం చెప్పినా నమ్మేసే మనిషి. రెజ్యూమెలో మొదటి మాట బదులు చివరి మాట పడిందనుకోండి, ‘నన్ను ఇట్టే మోసం చేయొచ్చు’ అని మీరే సంతకం పెట్టి ఇచ్చినట్టు. డిపాజిట్ కడితే ఉద్యోగం ఖాయమనే ఏజెంట్లు వెతికేది సరిగ్గా అలాంటివాళ్లనే.

సైక్లోన్ అర్థం దివిసీమకు ఎవరూ చెప్పక్కర్లేదు. 1977 నవంబరు 19 నాటి ఉప్పెన వేలమందిని పొట్టన పెట్టుకుంది. ఆ మాటను మాత్రం 19వ శతాబ్దంలో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ పుట్టించాడు. చుట్టచుట్టుకున్న పామును తలపించే గ్రీకు మాట నుంచి తీశాడు. గుండ్రంగా తిరగడమే దీని ప్రాణం. మీ సైకిల్, లెక్కల్లో వచ్చే సైక్లిక్ ఆర్డర్ దీని చుట్టాలే.

ఇక చింట్జ్, క్యాలికో. మొదటిది మన అద్దకపు చీటీ గుడ్డకు దగ్గరి మాట, రెండోది కోళిక్కోడ్ పేరు మీద వచ్చింది. 1611లో బందరులో దిగిన ఇంగ్లిష్ కంపెనీ బేరమాడింది ఇలాంటి బట్టల కోసమే.

వేరుకు లొంగని జంటలూ ఉన్నాయి. మెచ్చుకోలు అనే కాంప్లిమెంట్, లోటు పూడ్చేది అనే కాంప్లిమెంట్ ఒకే చోట పుట్టాయి, తెలుగులో రాస్తే తేడాయే కనిపించదు. వీటికి స్పెల్లింగే దిక్కు. లోటు పూడ్చేదానిలో ‘ఎల్’ తర్వాత, కంప్లీట్‌లో లాగే, ‘ఇ’ వస్తుంది. మెచ్చుకోలులో ‘ఐ’. రెండింటినీ ఒకే పూట చదవకండి. ఒకటి సోమవారం చదివి, దాంతో సొంతంగా రెండు వాక్యాలు రాయండి. రెండోదాని జోలికి గురువారం దాకా పోవద్దు.