పగడాన్ని చంపింది జబ్బు కాదు, నా తొందర

మొన్న చలికాలంలో మా ఇంట్లో ఒక ప్రాణి చచ్చిపోయింది. చంపింది నేనే. కంగారు పడకండి, చచ్చింది పగడం.

"పగడం చావడమేంట్రా, అది రాయి కదా?" అన్నారు మా నాన్నగారు ఫోన్లో. ఉంగరంలో పెట్టుకునే పగడం కూడా ఒకప్పుడు ఓ జంతువు కట్టుకున్న గూడే. నేను పెంచేవి వేరే రకం, సముద్రంలో దిబ్బలు కట్టేవి. వీటి ఒంట్లో కంటికి కనపడని నాచు కాపురముంటుంది. అది వెలుతురుతో వంట చేసి పగడానికి పెడుతుంది. ఆ నాచు పోతే పగడం తెల్లబడుతుంది. అదే బ్లీచింగ్. ఇక్కడో ముఖ్యమైన సంగతి: తెల్లబడినదల్లా చచ్చినట్టు కాదు. పైన పల్చటి చర్మం ఉన్నంతవరకు ప్రాణం ఉన్నట్టే. చర్మం ఊడి ఎముక బయటపడితేనే ఆ మేరకు పోయినట్టు.

ఇదంతా నాకు ముందే తెలుసు. తెలిసి ఏం లాభం?

ఇక్కడ డాలస్ లో మూడేళ్ళుగా 30 గాలన్ల ఉప్పునీటి తొట్టి నడుపుతున్నాను. రెండు క్లౌన్ చేపలు, ఏడెనిమిది చిన్న పగడాలు. అన్నిట్లోకీ సున్నితమైనది ఆక్రోపోరా. వేలెడంత ముక్క తెస్తే రెండేళ్ళలో అరచేయంత అయ్యింది. ఒక గురువారం రాత్రి ఆఫీసు నుంచి వచ్చి చూస్తే రంగు పాలిపోయి ఉంది.

వెంటనే టెస్ట్ కిట్లు తీశాను. ఆల్కలినిటీ 7.1, కాల్షియం 375, మెగ్నీషియం 1150. మూడూ ఉండాల్సిన దానికంటే తక్కువే. ఇంకేముంది, సెవిరిటీ వన్ టికెట్ వచ్చినట్టు రెచ్చిపోయాను. బఫర్ పొడి కలిపి ఆల్కలినిటీని ఒక్క రాత్రిలో 10కి లేపాను. లైటు 40 శాతం నుంచి 60కి పెంచాను. పంపు దిశ మార్చాను. పగడాన్ని రాయితో సహా ఇంకో మూలకి జరిపాను.

"ఏవండీ, ఏదో ఒక్కటి చేసి తెల్లారేదాకా ఆగొచ్చుగా?" అంది మా ఆవిడ. తను టెస్టింగ్ లో పని చేస్తుంది. డెవలపర్ టెస్టర్ మాట ఎప్పుడు విన్నాడు గనక!

శనివారం పొద్దున్నకి కొమ్మల కొసలు మాడినట్టయ్యాయి. మొదట్లో చర్మం పొరలు పొరలుగా ఊడి నీళ్ళలో తేలుతోంది. చేయగలిగింది ఒక్కటే. చర్మం బాగున్న ఒక కొమ్మని, తెల్ల గీతకి బాగా పైన కత్తిరించి, సూపర్ గ్లూ జెల్ తో వేరే బిళ్ళకి అంటించాను. మిగతాదంతా సాయంత్రానికి ఎముక.

అసలు కారణం వారం తర్వాత దొరికింది. ఉప్పు కొలిచే రిఫ్రాక్టోమీటర్ తప్పు చూపిస్తోంది! కొన్నప్పుడు మామూలు మంచినీళ్ళతో సున్నాకి సరిచేసి వదిలేశాను. 35 దగ్గర సరిచేసుకోడానికి వేరే ద్రావణం దొరుకుతుంది, అది తెచ్చి చూస్తే మీటరు 35 అంటున్న నా నీళ్ళు నిజానికి 31. అంటే ఉప్పే తక్కువ. ఉప్పుతో పాటు అందులో ఉండేవన్నీ తక్కువే. ఆ మూడు అంకెలూ దాదాపు ఒకే నిష్పత్తిలో తగ్గాయని ఆ రాత్రే గమనించి ఉండాల్సింది. మూడు బగ్గులు కావవి, ఒకే బగ్గుకి మూడు టికెట్లు. నేనేమో ఒక టికెట్ మూసేసి ఇల్లు కూల్చుకున్నాను.

సరైన వైద్యం ఎంత సాదాగా ఉందంటే సిగ్గేసింది. నా తొట్టిలో రోజూ సుమారు రెండు లీటర్లు ఆవిరైపోతుంది. ఆ లోటుని మంచినీళ్ళకి బదులు ఉప్పునీళ్ళతో నింపుతూ పోతే వారంలో 31 కాస్తా 35 అవుతుంది. అంతే! కొత్తగా ఏమీ కొనక్కర్లేదు.

అందుకే నా అభిప్రాయం ఇది. ఇంటి తొట్టెల్లో చాలా పగడాల్ని చంపేది జబ్బు కాదు, వైద్యుడి కంగారు. పగడానికి పాఠ్యపుస్తకంలో అంకెలు అక్కర్లేదు, నిన్నటి అంకెలు చాలు. ఆల్కలినిటీ 7.5 దగ్గర నిలకడగా ఉంటే బతికేస్తుంది. రాత్రికి రాత్రి 7 నుంచి 10కి పోతే చస్తుంది. కాబట్టి ముందు కొలిచే పరికరాన్ని అనుమానించండి. తర్వాత ఒక్కటే మార్చండి, అదీ మెల్లగా, ఆల్కలినిటీ అయితే రోజుకి ఒక డిగ్రీకి మించకుండా. మార్చింది రాసి పెట్టుకోండి.

అన్నిటికీ నిదానమే మందని కూడా అనను. హీటరు ఆగకుండా కాగుతుంటే, అమ్మోనియా పెరిగితే, చర్మం ఊడిపోతుంటే ఆ నిమిషమే కదలాలి. ఏది మంటో, ఏది పొగో తేల్చుకోవడమే అసలు విద్య.

ఇంకో మాట. పోయిన దాని స్థానంలో వెంటనే కొత్తది కొనకండి, కారణం తెలిసేదాకా అది రెండో హత్యకి ఏర్పాటే. తర్వాత కొన్నా, సముద్రంలోంచి కోసుకొచ్చింది కాకుండా ఇంకొకరి తొట్టిలో పెరిగిన ముక్క తీసుకోండి. 2024 ఏప్రిల్ లో నాలుగో ప్రపంచవ్యాప్త బ్లీచింగ్ జరుగుతోందని అమెరికా ప్రభుత్వ సంస్థ నోవా ప్రకటించింది. సముద్రంలో అవి పడే పాట్లు చాలు.

హైదరాబాద్ నుంచి మా బావమరిది "బావా, వచ్చేటప్పుడు ఓ ముక్క పట్రా" అన్నాడు. కుదరదన్నాను. మన దగ్గర దిబ్బలు కట్టే పగడాలకి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది. బయటి దేశాల మధ్య వ్యాపారం మీద కూడా సైటిస్ ఒప్పందం అదుపు ఉంది. చాక్లెట్ల డబ్బాలో తెచ్చే సరుకు కాదది.

ఆ ఎముకని కడిగి ఆఫీసులో మానిటర్ పక్కన పెట్టుకున్నాను. అర్ధరాత్రి నాలుగు మార్పులు ఒకేసారి ప్రొడక్షన్లోకి తోయాలనిపించినప్పుడల్లా దానివంక చూస్తాను. కత్తిరించి అంటించిన కొమ్మ బతికింది. ఇప్పుడు అంగుళం ఉంది. ఈసారి దాని జోలికి నేను పోవట్లేదు.