సీసా వేరు, ఆటో వేరు

అక్రమ మద్యం కేసులో అధికారుల చేతికి చిక్కేది ఒక్క సరుకే కాదు. సారా, దాన్ని కాచే బట్టీ సరంజామా, మోసుకెళ్లే బండి అన్నీ కలిపే దొరుకుతాయి. 1968 నాటి ఆంధ్రప్రదేశ్ ఎక్సైజ్ చట్టమూ, దూబగుంట మహిళల సారా ఉద్యమం ఫలితంగా 1995లో వచ్చిన మద్యనిషేధ చట్టమూ వీటన్నిటినీ ఒకే గాటన కట్టి జప్తుకు లోబడ్డవిగా చెబుతాయి. సారా విషయంలో దానికి ఎవరూ అడ్డు చెప్పరు. బండి సంగతి అలా కాదు. ఫలానా ఆటో శాశ్వతంగా సర్కారుది అయిపోవాలా వద్దా అన్నది తేల్చాల్సింది కోర్టు. పట్టుకున్న శాఖకే ఆ అధికారం ఉండకూడదు. కోర్టుకైనా గడువు ఉండాలి.

మొదట సరుకు సంగతి చూద్దాం. దాడుల్లో దొరికిన బెల్లపు ఊటను శాంపిల్ తీసి అక్కడికక్కడే పారబోస్తారు. పక్క రాష్ట్రాల నుంచి వచ్చిన సీసాలను రోడ్డు మీద పరిచి రోలర్ తొక్కించడం టీవీల్లో చూస్తూనే ఉన్నాం. కెమెరాల కోసం చేసినట్టున్నా, చేయాల్సిన పని అదే. సుందర్‌భాయ్ అంబాలాల్ దేశాయ్ కేసులో 2002లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే: నమూనాలు తీసి, పంచనామా రాసి, మిగతా సరుకును త్వరగా వదిలించుకోండి అని. అలా చేయకపోతే ఏమవుతుందో బీహార్ చూపించింది. 2016లో సంపూర్ణ నిషేధం పెట్టాక స్టేషన్లలో సీసాలు గుట్టలు పడ్డాయి. మరుసటి ఏడాది, సరుకు ఏమైందని అడిగితే ఎలుకలు తాగేశాయన్న జవాబు అక్కడి పోలీసుల నుంచే వచ్చింది. మూత విప్పే ఎలుకల గురించి వేరే వ్యాఖ్య అక్కర్లేదు.

అదే తీర్పు వాహనాల గురించీ మాట్లాడింది. ఫొటోలు తీసుకుని, పూచీకత్తు రాయించుకుని యజమానికి అప్పగించండి, స్టేషన్ ఆవరణలో ఏళ్ల తరబడి ఉంచి ప్రయోజనం లేదు అంది. ఏ ఎక్సైజ్ స్టేషన్ వెనక్కి వెళ్లినా ఆ మాట ఎంతమంది చెవికెక్కిందో తెలుస్తుంది. అద్దం మీద క్రైం నంబరు రాసిన ఆటోలు, గాలి దిగిన టైర్లు, సీటు చింపుకుని మొలిచిన పిచ్చిమొక్కలు, బ్యాటరీ ఉండాల్సిన చోట ఖాళీ. ఫైనాన్స్ కంపెనీ వాయిదా మాత్రం ఏ నెలా ఆగదు. కేసు తేలి బండి తిరిగొచ్చేనాటికి అది పాత ఇనుప సామాన్ల వాడికి తప్ప ఎవరికీ పనికిరాదు.

చట్టంలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. జప్తు ఉత్తర్వు ఇచ్చే అధికారం ఎక్సైజ్ డిప్యూటీ కమిషనర్‌ది, అంటే పట్టుకున్నవారి పై అధికారిది. బీహార్‌లో ఆ పని కలెక్టరు చూస్తారు. 2014లో ఢిల్లీ ఎక్సైజ్ కేసులో సుప్రీంకోర్టు, చట్టం అధికారికే ఆ పని అప్పగించినప్పుడు మేజిస్ట్రేటు బండిని విడిచిపెట్టలేరని తేల్చింది. ఆ తీర్పు చట్టాన్ని ఉన్నదున్నట్టు చదివింది. కాబట్టి మార్చాల్సింది చట్టాన్నే. కొత్త నాగరిక సురక్షా సంహిత 497వ సెక్షన్, కోర్టు ముందుకు వచ్చిన సొత్తుకు 14 రోజుల్లో జాబితా, ఆపైన 30 రోజుల్లో ఉత్తర్వు అని గడువు పెట్టింది. డిప్యూటీ కమిషనర్ బల్ల మీది ఫైలుకు మాత్రం ఆ తొందర లేదు.

కేసులు కోర్టుల్లో నిలవవు కాబట్టి జప్తును అధికారికి వదలాలన్నది శాఖ వాదన. పంచనామా మధ్యవర్తులు ఎదురు తిరుగుతారు, శిక్ష పడేది తక్కువ, బండి పోతుందన్న భయమే అసలు మందు అంటారు. ఇందులో నిజం లేకపోలేదు. దొంగసరుకు రవాణా చేసేవాడికి జైలు కన్నా లారీ పోవడమే ఎక్కువ దెబ్బ. అయితే నేరం రుజువు చేయలేని బలహీనతకు విరుగుడు, రుజువు అక్కర్లేని శిక్ష కాకూడదు. 2022లో అబ్దుల్ వహాబ్ కేసులో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది ఇలాంటి వ్యవహారమే. అది మద్యం కేసు కాదు, మధ్యప్రదేశ్ గోవధ నిషేధ చట్టం కింద పట్టుకున్న లారీ. నిందితులు నిర్దోషులని తేలినా జిల్లా మేజిస్ట్రేటు దాన్ని జప్తు చేశారు. అది 300ఏ అధికరణం ఇచ్చిన ఆస్తి రక్షణకు విరుద్ధమని కోర్టు కొట్టేసింది.

బండి వదిలితే మర్నాడే మళ్లీ సరుకెత్తుతుందన్న భయమూ ఉంది. మత్తుమందుల కేసుల్లో సైతం విచారణ ముగిసేదాకా వాహనాన్ని షరతులతో ఇవ్వవచ్చని 2025 జనవరిలో సుప్రీంకోర్టు అంది. హెరాయిన్ దొరికిన లారీకి వీలైనది పది సీసాలు దొరికిన ఆటోకు ఎందుకు కాదు? బండి విలువకు పూచీకత్తు తీసుకోవచ్చు, రవాణా శాఖ రికార్డులో కేసు నమోదు చేసి అమ్మకం ఆపవచ్చు. అదే బండి రెండోసారి దొరికితే వదలనక్కర్లేదు.

రోజు కిరాయికి ఆటో ఇచ్చిన యజమానివి వేరే పాట్లు. డ్రైవరు సీటు కింద ఏం పెట్టాడో తనకు తెలియదని ఆయనే నిరూపించుకోవాల్సి వస్తుంది. తెలియకపోవడానికి సాక్షిని ఎక్కడినుంచి తేవాలి? యజమానికి తెలుసని నిరూపించే భారం శాఖ మీద పెట్టాలి. బండి విలువకూ, దొరికిన సరుకుకూ పొంతన ఉందా అన్నది కోర్టు చూడాలి. జప్తు తుది ఉత్తర్వు శిక్షతోపాటే రావాలి. ఈలోగా వేలం తప్పనిసరైతే ఆ సొమ్ము ఖజానాలో కలవకుండా కోర్టు డిపాజిట్‌లో ఉండాలి. నిర్దోషిగా తేలినవాడికి వడ్డీతో సహా చేరాలి.