కుక్క చర్మవ్యాధికి తిండియే కారణమా?

ఎద్దు మేత మానినను, గేదె పాలు తగ్గినను రైతు వెంటనే గుర్తించి ఉపాయము వెదకును. ఇంటికి, కొట్టమునకు కావలి కాయు కుక్క మాత్రము రాత్రింబవళ్ళు గోకికొనుచున్నను, వెంట్రుకలు రాలి చెవుల నుండి చీము కారుచున్నను, "కుక్కకు గజ్జి సహజమే" అని ఊరకుండువారే ఎక్కువ. ఈ అలక్ష్యము తగదు. పట్టణములలో దీనికి ఎదురైన మరొక అలవాటు కలదు. కుక్క గోకికొనగానే తిండి పడలేదని తలచి, వారమునకొక తిండి మార్చుచుందురు. ఇదియు తగదు. తిండి మార్చుట ఒక పరీక్ష. దానిని పూర్తిగా చేయవలెను. లేనిచో మొదలు పెట్టకుండుటయే మేలు. ఇది నా నిశ్చితాభిప్రాయము.

హైదరాబాదుకు తూర్పున నున్న ఉప్పల్, నాచారం ఒకప్పుడు పల్లెలు. నాచారంలో పారిశ్రామికవాడ వెలసినది. 2007 లో ఉప్పల్ పురపాలక సంఘము మహానగర పాలక సంస్థలో కలిసినది. 2017 లో ఉప్పల్ మీదుగా మెట్రో రైలు నడచినది. అయినను ఆ దిగువన మూసీ ఒడ్డున పచ్చిగడ్డి పెంచి పాడి సాగించిన కుటుంబములు ఎన్నో కలవు. ఇటువంటి చోట మేడమీది జాతికుక్క ప్యాకెట్టు ఆహారము తినును. కొట్టములోని నాటుకుక్క పెరుగన్నము తినును. దురద రెంటికిని వచ్చును. కాని రెంటికిని కారణము ఒకటే కానక్కరలేదు. కారణములను ముఖ్యముగా మూడు తెగలుగా చెప్పవచ్చును: పురుగు, పోషణ లోపము, తిండి పడకపోవుట. ఈ మూటిని ఈ వరుసలోనే విచారింపవలెను.

మొదట పురుగును చూడవలెను

కుక్క చెవుల లోపల, వేళ్ళ సందులలో, మెడ కింద గోమార్లు ఉన్నవేమో చూడవలెను. తోక మొదట, నడుము మీద ఎక్కువగా కొరుకుకొనుచున్నచో, వెంట్రుకలలో దూకుచు తిరుగు చిన్న పురుగులు కారణమై యుండవచ్చును. చెవి అంచులు, మోచేతులు పుండ్లు కట్టి, ఇంటివారికి కూడ దురద పుట్టినచో గజ్జి పురుగును అనుమానింపవలెను. గుండ్రముగా వెంట్రుకలు ఊడినచో తామర కావచ్చును. ఇవి తిండి మార్చినంత మాత్రమున పోవు. పశువైద్యుడు చర్మమును గీకి సూక్ష్మదర్శినిలో చూచి చెప్పగలడు. అయితే గజ్జి పురుగు ఒక్కొక్కప్పుడు మొదటి పరీక్షలో చిక్కదు. కుక్కకు మందు వేయుటతో పని తీరదు. గోమారు గోడ పగుళ్ళలో గ్రుడ్లు పెట్టును. కాన కుక్క పడుకొను చోటును శుభ్రపరచి పగుళ్ళను పూడ్చవలెను.

ఇచట ఒక హెచ్చరిక అవసరము. కొందరు వాడిన ఇంజను నూనెను, మరికొందరు పైరుపై చల్లు పురుగుమందును కుక్క ఒంటికి పూయుదురు. పైరు మందు చర్మము గుండా లోనికి ప్రవేశించును. కుక్క ఒళ్ళు నాకికొనుటచే నోటిగుండా కూడ పోవును. నోట చొంగ, వణకు, మూర్ఛ కలిగి ప్రాణము పోవచ్చును. ఇంజను నూనె కూడ విషమే. పురుగు చచ్చుటకు బదులు కుక్క చచ్చు వైద్యము ఎవరికి కావలెను?

పోషణ లోపము వేరు

నాచారమునకు సమీపమున, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ కలదు. 1918 లో కూనూరులో చిన్న పరిశోధనశాలగా ఆరంభమైన ఈ సంస్థ 1958 లో హైదరాబాదుకు తరలివచ్చినది. జొన్నయే ముఖ్యాహారముగా గల దక్కను పేదలలో, ఎండ తగులు చోట చర్మము నల్లబడి పొరలూడు పెల్లాగ్రా అను వ్యాధిని డాక్టర్ సి. గోపాలన్, ఆయన సహచరులు 1960 ప్రాంతమున ఇచట పరిశోధించినారు. జొన్నలో హెచ్చుగా నున్న ల్యూసిన్‌కు ఈ వ్యాధితో సంబంధము కలదని సూచించినారు. కుక్కలలో పెల్లాగ్రాకు సాటియైన వ్యాధి నల్లనాలుక. 1937 లో అమెరికాలో ఎల్వెజెమ్ అను శాస్త్రజ్ఞుడు నికోటినిక్ ఆమ్లము ఇచ్చి దానిని కుదిర్చినాడు. ఒకే ధాన్యముతో పొట్ట నింపినచో మనిషికైనను కుక్కకైనను చర్మము చెడవచ్చునని దీనివలన తెలియుచున్నది.

కావున కేవలము గంజి, పెరుగన్నము, మిగిలిన రొట్టెముక్కలు తిను కుక్క వెంట్రుక కాంతి తగ్గి, చర్మము పొడిబారి పొట్టు రాలినచో, ముందుగా దాని పోషణను పెంచి చూడవలెను. ఉడికిన గ్రుడ్డు, ముల్లు తీసిన చేప లేక మాంసము, ఒక చెంచా పొద్దుతిరుగుడు నూనె దాని తిండిలో చేర్చవలెను. ఇట్టి కుక్కకు ఉన్న కొద్దిపాటి మాంసమును కూడ మాన్పించుట ఆకలిగొన్నవానిని పస్తుంచినట్లగును.

తిండి పడకపోవుట అనగా ఏమి?

కొన్ని కుక్కల శరీరము ఏదో ఒక ఆహారములోని మాంసకృత్తును శత్రువుగా ఎంచి ఎదుర్కొనును. పాదములు నాకుట, చెవులు మాటిమాటికి చీము పట్టుట, చంకలు, గజ్జలు, తోక క్రింద దురద, ఒక్కొక్కప్పుడు విరేచనములు దీని గుర్తులు. ఋతువుతో నిమిత్తము లేక ఏడాది పొడుగున ఉండును. నిన్న పెట్టిన కొత్త తిండియే కారణమని తలచుట తరచు పొరపాటు. ఎంతో కాలముగా తినుచున్న తిండియే హఠాత్తుగా పడకపోవచ్చును.

"కోడిమాంసము వేడి, పెరుగు చలువ" అను మాట మనలో స్థిరపడినది. దాని వలన దురద రాగానే కోడిని మాని పెరుగన్నము పెట్టుదురు. 2016 లో ప్రచురితమైన ఒక సమీక్షలో, తిండి పడని 297 కుక్కలను లెక్కించగా గొడ్డుమాంసము నూటికి 34, పాల పదార్థములు 17, కోడి 15, గోధుమ 13 కుక్కలలో కారణమని తేలినది. ఇవి మన వీధి లెక్కలు కావు. ఏ కుక్క ఏమి తినునో దానిని బట్టి మారును. కాని పాలు కోడికి తీసిపోలేదని గమనింపవలెను. పాలు పడని కుక్కకు చలువయని పెరుగు పెట్టుట నిప్పు మీద నూనె పోయుటయే. కోడి పడు కుక్కకు కోడిని మాన్పుట వలన లాభమును లేదు.

పరీక్ష చేయు విధము

మొదట ఒక పుస్తకములో కుక్క ఇంతవరకు తిన్నవన్నియు వ్రాయవలెను. అందులో లేని ఒక మాంసకృత్తును, ఒక పిండిపదార్థమును ఎన్నుకొనవలెను. చేప ఎన్నడును తినని కుక్కకు ముల్లు తీసి ఉడికించిన చేప ఒక వంతు, ఉడికిన చిలగడదుంప ఒకటి లేక రెండు వంతులు కలిపి పెట్టవచ్చును. ఉప్పు, కారము, మసాలా కూడదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కకు విషము. దీనికి మారుగా పశువైద్యుడు చెప్పు ప్రత్యేకాహారము కూడ కలదు. ధర మాత్రము హెచ్చు. అంగడిలోని మామూలు ప్యాకెట్టుపై చేప బొమ్మ ఉన్నను లోపల కోడి కొవ్వు ఉండవచ్చును. చీటీ చదువక కొనరాదు.

ఈ తిండిని ఎనిమిది వారములు పెట్టవలెను. ఐదు వారములలో చాలా కుక్కలకు గుణము కనిపించినను, ఎనిమిది వారములకు గాని నూటికి తొంబదిలో తేలదు. ఈ కాలమున పిల్లలు ఇచ్చు బిస్కత్తు, కొట్టములో ఒలికిన పాలు, పశువుల దాణా, పొరుగువారి ఎముక, కోడి రుచి గల మందుబిళ్ళ, ఏ ఒక్కటి తినినను పరీక్ష చెడును. కాన ఇంటిల్లిపాదికి, పొరుగువారికి ముందే చెప్పవలెను. చెవిలో చీము, చర్మముపై పుండు ఉన్నచో వైద్యమును ఆపరాదు. కుక్కపిల్లలకు, చూడి కుక్కలకు ఈ రెండు వస్తువుల తిండి చాలదు. పశువైద్యుని అడుగక పెట్టరాదు.

దురద తగ్గినచో పని ముగియలేదు. పాత తిండిని మరల పెట్టి చూడవలెను. రెండు వారములలో దురద తిరిగి వచ్చినచో తిండియే కారణమని నిశ్చయము. తరువాత పాలు, కోడి, గోధుమ ఒక్కొక్కటిగా పెట్టి దోషిని పట్టవలెను. ఆ ఒక్క దానిని మాని మిగిలినవన్నియు పెట్టవచ్చును. ఎనిమిది వారములకును తగ్గనిచో తిండి నిర్దోషి. దుమ్ము, పుప్పొడి వంటివి కారణమేమో విచారింపవలెను. రక్తము, ఉమ్ము పరీక్షతో పడని తిండిని చెప్పెదమను మాట నమ్మదగినది కాదు.

"ఊరకుక్కకు ఇంత శ్రమయా?" అని కొందరు అడుగవచ్చును. వెంట్రుకలు ఊడిన కుక్కను దూరమున వదలివచ్చువారు కలరు. దానికి తిండి లేదు, నీడ లేదు. గజ్జి అయినచో అది ఇతర కుక్కలకు అంటును. పెంపుడు జంతువును బాధపడు స్థితిలో వదలివేయుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము క్రింద నేరము కూడ. ఒక పుస్తకము, రెండు వస్తువుల తిండి, ఎనిమిది వారముల ఓర్పు: ఇంతకంటె ఈ పరీక్షకు కావలసినది లేదు.

గ్రామోద్యోగులు పశువైద్య శిబిరములు జరుగునప్పుడు కుక్కలను కూడ తీసికొని రమ్మని రైతులకు చెప్పవలెను. పిచ్చికుక్క వ్యాధికి టీకా వేయించునప్పుడే చర్మమును కూడ చూపవచ్చును. రైతు సోదరులు పైరు మందును కుక్కకు దూరముగా ఉంచి, ముందు పురుగును, పిమ్మట పోషణను, చివరకు తిండిని విచారించినచో, కావలి కాయు ఆ మూగప్రాణి రాత్రి గోకికొనుట మాని నిద్రించును, మీరును నిద్రింతురు.